కోనసీమలో తుఫాను సీజను: డెబ్బై దాటిన అమ్మానాన్నల కోసం ఇంట్లో, మనసులో ఏం సిద్ధం చేయాలి?

అల్లవరం ఆడపడుచు (ప్రశ్న)

నమస్కారమండీ. మా అమ్మానాన్నలు అల్లవరం మండలంలో, సముద్రానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంటారు. ఇద్దరూ డెబ్బై దాటినవారే. నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఇల్లు స్లాబే గానీ వెనక వంటిల్లు సిమెంటు రేకులు. బావి ఉంది, మేడ మీద 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. ఇన్వర్టరుకి 150 ఏహెచ్ బ్యాటరీ. రెండు గేదెలు. నాన్నగారికి రోజుకి రెండు పూటలా ఇన్సులిన్.

అమ్మ సంగతి వేరు. 1996 నవంబరు తుఫాను కళ్లారా చూసిన మనిషి. టీవీలో అల్పపీడనం అన్న మాట వినబడితే చాలు, అన్నం సహించదు, రాత్రంతా మెలకువే. అలాగని ఇల్లు కదలమంటే కదలదు. దేవుడి గది వదలనంటుంది, బయట తిండి మడికి పనికిరాదంటుంది. కార్తీక సోమవారాలు ఉపవాసం కూడా ఉంటుంది. దసరాకి వెళ్లినప్పుడు అన్నీ అమర్చి రావాలని ఉంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. సామాన్ల జాబితా ఒక్కటే కాదు, అమ్మ మనసు కుదుటపడే దారి కూడా కావాలి.

గోదావరి గట్టు

ముందు కదలాలా వద్దా అన్నది తేల్చుకోండమ్మా. అది గాలి మొదలయ్యాక తేల్చుకునే విషయం కాదు. వాతావరణ శాఖ 48 గంటల ముందు ఒక హెచ్చరిక ఇస్తుంది, 24 గంటల ముందు ఇంకోటి ఇస్తుంది. ఎక్కడ తీరం దాటవచ్చో ఈ రెండోదానిలో చెబుతారు. మీరు చూడాల్సింది అదే. మన తుఫాన్లు ఎక్కువగా పడమటి దిక్కుగా వస్తాయి కాబట్టి, దాటే చోటుకి కుడివైపు, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదకి గాలి సముద్రాన్ని తోస్తుంది. 1977లో తుఫాను చీరాల దగ్గర దాటింది, ఉప్పెన మింగింది మాత్రం దివిసీమని. అదే లెక్కన నరసాపురం, మచిలీపట్నం వైపు దాటుతుందంటే మీకు ఉప్పెన భయం ఎక్కువ. కాకినాడకి పైన దాటితే మీ దగ్గర గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, అప్పుడు వానే ప్రధాన బెడద. పౌర్ణమి, అమావాస్యల పోటు సమయానికి కలిస్తే నీళ్లు ఇంకా లోపలికి వస్తాయి.

కాబట్టి ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి: "మనకి దక్షిణాన దాటుతుందన్నా, గాలి 118 కిలోమీటర్లు మించుతుందన్నా, అధికారులు ఖాళీ చేయమన్నా, ఆ పగలే అమలాపురం వెళ్లిపోవాలి." 118 దాటితే దాన్ని అతి తీవ్ర తుఫాను అంటారు. పగలే అని ఎందుకంటున్నానంటే, సాయంత్రానికి కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డం పడిపోతాయి, ఆటో కూడా దొరకదు. ఎవరి ఆటో, ఎవరింటికి అన్నది ఇప్పుడే మాట్లాడి పెట్టుకోవాలి.

ఇంటి విషయానికొస్తే మీ బలహీనత వంటింటి రేకులు. రేకుని పట్టి ఉంచే జే బోల్టులు ఉప్పుగాలికి తుప్పు పట్టి సన్నబడతాయి, వాషర్లు చిట్లిపోతాయి. దసరాకి మేస్త్రిని పిలిచి అంచు వరసల్లో ఉన్నవన్నీ మార్పించండి, గాలి ముందు లేపేది అంచునే. ఇసుక బస్తాలు వేయాలంటే రెండేసి కలిపి తాడుతో కట్టి, నడికప్పుకి అటొకటి ఇటొకటి వేలాడేలా, కింద దూలం ఉన్న చోటే వేయాలి. దూలాల మధ్య వేస్తే రేకు విరుగుతుంది. పైకెక్కే మనిషి పలక పరుచుకుని దాని మీదే నడవాలి. ఇంటి మీదకి వంగిన కొబ్బరిచెట్టుకి ముదురు గెలలు, ఎండుమట్టలు దింపించేయండి. గాలిలో అవి కొట్టే దెబ్బ చిన్నది కాదు.

మేడ మీద ట్యాంకు నింపే ఉంచాలి. నిండిన ట్యాంకు అర టన్ను బరువు, కదలదు. ఖాళీదైతే ఎగిరిపోయి పైపులు కూడా పీక్కుపోతుంది. నింపాక కిందికి దిగే వాల్వు కట్టేయండి, పైపు విరిగినా నీళ్లు మిగులుతాయి. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి 4 లీటర్ల లెక్కన ఇద్దరికి ఐదు రోజులకి 40 లీటర్లు, అంటే రెండు టిన్నులు. ట్యాంకు నీళ్లు వాడకానికి.

ఒక హెచ్చరిక: హోరు ఉన్నట్టుండి ఆగిపోయి, ఆకు కూడా కదలకపోతే తుఫాను వెళ్లిపోయిందని నాన్నగారు బయటికి రాకూడదు. అది తుఫాను కన్ను. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా తిరగబడుతుంది, సగం ఊగిన చెట్లు అప్పుడు కూలతాయి.

బావిలోకి వరద నీరు దిగితే ముందు తోడించి, తర్వాత బ్లీచింగ్ వేయాలి. తాజా పొడి అయితే 1000 లీటర్లకి 2.5 గ్రాములు. అడ్డం 1.2 మీటర్లు ఉన్న బావిలో 3 మీటర్ల లోతు నీళ్లుంటే సుమారు 3,400 లీటర్లు, అంటే 8.5 గ్రాములు. పొడిని నేరుగా చల్లకండి. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లని వేరే బకెట్లో వంపి, ఆ బకెట్‌ని బావిలోకి దించి కలపాలి. గంట తర్వాత క్లోరిన్ వాసన రాకపోతే మళ్లీ అంతే వేయాలి. మూత తీసి పెట్టిన పాత బ్లీచింగులో సత్తువ ఉండదు, ఏటా కొత్తది కొనండి. ఉప్పెన నీరు కలిస్తే మాత్రం ఇవేవీ పనిచేయవు. క్లోరిన్ పురుగుల్ని చంపుతుంది, ఉప్పు తీయదు.

లైను మీద మనిషి

కరెంటు గురించి నేను చెప్తాను. 150 ఏహెచ్, 12 వోల్టులు అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. నష్టాలు పోగా 1200 చేతికొస్తాయి అనుకోండి. మామూలు ఫ్యాను 75 వాట్లు, రెండు ఎల్‌ఈడీ బల్బులు 18. ఇవి ఆపకుండా నడిస్తే 12, 13 గంటలు వస్తుంది. ఫ్యాను మార్చి, కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ రకం పెడితే అదే బ్యాటరీ దాదాపు 24 గంటలు లాగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాటాక విశాఖలాంటి నగరమే రోజుల తరబడి చీకట్లో ఉంది, పల్లెకి ఇంకా ఆలస్యం అవుతుంది. కాబట్టి బ్యాటరీని రాత్రిపూట నాలుగు గంటలపాటు ఫ్యానుకి, ఒక బల్బుకి, ఫోన్లకి పరిమితం చేయండి. డిస్టిల్డ్ వాటరు ఇప్పుడే చూసి పోయించండి. బ్యాటరీని బల్ల మీదకి ఎక్కించండి, కానీ తలుపులేసిన చిన్న గదిలో పెట్టకండి, చార్జింగులో వాయువు వస్తుంది.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఫోనుకి చేరేది 6,000 చిల్లరే. అంటే ఈ కాలం ఫోను ఒక్కసారి నిండుతుంది. రెండు కొనండి. టవర్లు పడిపోయినప్పుడు కాల్ కలవకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఉంటుంది. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి మాత్రమే తీసి "క్షేమం" అని పంపమనండి. మీరూ ఆ వేళలకే ఎదురుచూడండి, మధ్యలో పదేపదే కాల్ చేస్తే వాళ్ల బ్యాటరీ ఖర్చవుతుంది.

నీళ్లు గుమ్మం ఎక్కుతాయనగానే మెయిన్ దించేయాలి. బోర్డు తడిసిందంటే ఎలక్ట్రీషియన్ చూడకుండా ఎత్తకూడదు. కరెంటు తిరిగొచ్చినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. లైన్లో న్యూట్రల్ తెగి ఉంటే కొన్ని ఇళ్లకి 230 బదులు 400 వోల్టుల దాకా వస్తుంది. ఫ్రిజ్, టీవీ, మోటారు ప్లగ్గులన్నీ ముందే పీకేసి ఉంచండి. ఒక్క పాత ఫిలమెంటు బల్బు వేసి పావుగంట చూడండి. మరీ తెల్లగా వెలిగినా, వెలుగు పెరిగి తగ్గుతున్నా మెయిన్ దించి 1912కి చెప్పండి. తెగిపడిన వైరుని కర్రతో కూడా కదపకండి, తడి కర్ర కరెంటుని ఆపదు.

మందుల చీటీ

మీ నాన్నగారి ఇన్సులిన్ గురించి కంగారు పడకండి. వాడకంలో ఉన్న వయల్ గానీ పెన్ గానీ చాలా రకాలు గది వేడిలో 28 రోజులు బాగానే ఉంటాయి. 25 డిగ్రీలా, 30 డిగ్రీలా అన్నది పెట్టె మీద రాసి ఉంటుంది, చదవండి. ఫ్రిజ్ ఆగిపోతే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత కూర్చి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఇన్సులిన్ ముంతలో పెట్టి మూత వేయండి. ఇసుక తడి ఆరకూడదు, కుండకి గాలి తగలాలి. ఐసు మీద మాత్రం పెట్టకండి. ఒకసారి గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదు, కరిగాక చూస్తే తేడా తెలియకపోవచ్చు. తేటగా ఉండాల్సింది మబ్బుపట్టినా, తెల్లగా ఉండే రకంలో పలుకులు కనిపించినా పారేయండి.

మందులన్నీ రెండు వారాలకి సరిపడా. సూదులు, షుగరు చూసే స్ట్రిప్పులు, మీటరు బ్యాటరీ గుర్తుపెట్టుకోండి. చీటీ ఫొటో ఫోన్లో ఒకటి, జిరాక్స్ ప్లాస్టిక్ సంచిలో ఒకటి. తిండి వేళ తప్పితే డోసు ఎంత తగ్గించాలో డాక్టరుగారినే అడిగి, ఆయన చేతే చీటీ మీద రాయించండి. చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకి షుగరు చూడాలి. ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ ఇవ్వాలి. మగతగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి.

విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ టీ చెంచాతో తలకొట్టి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఓ పది ఉంటే ఈ కొలతల బాధే ఉండదు.

షుగరు ఉన్న మనిషి వరద నీళ్లలో ఉత్త కాళ్లతో దిగకూడదు. పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. గమ్‌బూట్లు కొనివ్వండి. రోజూ రాత్రి అమ్మగారు టార్చితో ఆయన అరికాళ్లు, వేళ్ల సందులు చూడాలి. నీళ్లు తీశాక పాములు మంచం కింద, గడ్డివాములో చేరతాయి. కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం వద్దు. కాలు కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తులసికోట

అమ్మగారి భయాన్ని "ఏం కాదులే" అని కొట్టిపారేయకండి. ఆవిడ చూసింది నిజం, ఆవిడ భయంలో జ్ఞాపకం ఉంది. దానికి చేతిలో ఓ పని, నోటికి ఓ మాట ఇస్తే నిలుస్తుంది.

ముందు టీవీ. తుఫాను రోజుల్లో వాతావరణ శాఖ బులెటిన్లు మూడు గంటలకోసారి వస్తాయి, మధ్యలో టీవీల్లో తిరిగేవన్నీ పాత దృశ్యాలే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నాన్నగారు చూసి ఆవిడకి రెండు ముక్కల్లో చెప్పాలి. పడుకునే ముందు వార్తలు వద్దు.

రెండోది, ఆ రాత్రి పుస్తకం కనబడదు, ఫోన్లో పారాయణ పెట్టుకోవడానికి చార్జింగు ఉండదు. కంఠతా వచ్చిందే అక్కరకొస్తుంది. పెద్దది కాకుండా ఐదు నిమిషాల స్తోత్రం ఒకటి ఎంచుకుని, ఇవాళ్టి నుంచే రోజూ రాత్రి దీపాలార్పి చీకట్లో ఇద్దరూ కలిసి చదువుకోవాలి. నెలరోజులు చేస్తే ఆ చీకటికీ ఆ మాటలకీ ముడిపడుతుంది, గాలి హోరులో నోరు దానంతటదే అందుకుంటుంది. తీరప్రాంతంలో చర్చికి వెళ్లే కుటుంబాలకీ, నమాజు చేసుకునే కుటుంబాలకీ ఇదే చెబుతాను: కొత్తది నేర్చుకునే రాత్రి కాదది.

దేవుడి గది వదలనంటారు కదా. గుళ్లో మూలవిరాట్టు కదలదు, ఊరేగేది ఉత్సవమూర్తి. అలాగే ఒక చిన్న విగ్రహాన్నో పటాన్నో ఆవిడ చేతే ఇప్పుడే ఎంచనివ్వండి. దానికో స్టీలు డబ్బా, పట్టుగుడ్డ, కుంకుమ భరిణె. "దేవుణ్ణి వదిలి వెళ్లడం" కాస్తా "దేవుడితో కలిసి వెళ్లడం" అవుతుంది. తక్కిన పటాలు గోడ మీంచి దించి పై అరలో పెట్టాలి. గాలి మొదలయ్యాక దీపం కొండెక్కించేయాలి, అఖండదీపం అసలొద్దు.

మడికి విడిగా ఓ సంచి కట్టండి. అటుకులు రెండు కిలోలు, బెల్లం కిలో, వేయించిన శనగపప్పు, మరమరాలు, ఆవిడ సొంత చెంబు, గ్లాసు, ఆరేసిన చీర. వీటికి పొయ్యి అక్కర్లేదు, ఎక్కడున్నా తినొచ్చు. ఉపవాసం విషయం మీరు చెబితే వినరు. మీ పురోహితుడిగారిని కలిసి ఆయన చేత చెప్పించండి. "ఆతురే నియమో నాస్తి" అన్నది పెద్దల మాటే. ఆపద వేళ, అనారోగ్యంలో, వృద్ధాప్యంలో నియమం సడలుతుంది. తప్పిన సోమవారం గురించి ఏం చేయాలో కూడా ఆయనే చెబుతారు, ఆవిడకి దోషభయం ఉండదు.

ఇంకొకటి, ఆవిడకి ఒక బాధ్యత అప్పజెప్పండి. వీధిలో ఒంటరిగా ఉన్నవాళ్లు, గర్భిణులు ఎవరెవరో ఆవిడకి తెలిసినంతగా మీకు తెలియదు. హెచ్చరిక రాగానే ఆ ఇళ్లకి కబురు పెట్టడం ఆవిడ పని. పక్కింటి కోసం అయిదు కిలోల బియ్యం విడిగా కట్టి ఉంచమనండి. ఇతరుల కోసం చేతులు ఆడుతున్నంతసేపూ భయం కూర్చోడానికి చోటుండదు.

అల్లవరం ఆడపడుచు

అందరికీ చాలా థాంక్సండీ. ఉత్సవమూర్తి మాట అమ్మకి ఫోన్లో చెప్పాను. చిన్న వేణుగోపాలస్వామి విగ్రహం ఉందే, అది చాలు అంది. గేదెల సంగతి ఎవరూ చెప్పలేదు. విప్పేస్తే ఎటో పోతాయని నాన్నగారి బెంగ.

గోదావరి గట్టు

కట్టేసిన గేదె నీళ్లొస్తే అక్కడే చనిపోతుందమ్మా, విప్పిన గేదె ఈదుతుంది, మెరక వెతుక్కుంటుంది. వీలుంటే 24 గంటల హెచ్చరికకే మెరక మీదున్న వాళ్ల దొడ్లోకి తోలించేయండి. కుదరకపోతే మెడతాడు, ముకుతాడు రెండూ తీసేయాలి, వేలాడే తాడు ముళ్లకంపకి చిక్కుకుంటుంది. చెవికి వేసిన పసుపు ట్యాగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది. అది కనబడేలా ఒక ఫొటో, పశువు పక్కవాటంగా ఇంకో ఫొటో ఇప్పుడే తీసి మీ ఫోన్లో ఉంచుకోండి. తప్పిపోతే వెతకడానికీ, నష్టపరిహారం రాయించడానికీ పశువైద్యశాలలో మొదట అడిగేది ఆ నంబరే. నాలుగైదు రోజులకి సరిపడా ఎండుగడ్డి అటక మీద టార్పాలిన్ చుట్టి పెట్టించండి. తడిసి బూజు పట్టిన గడ్డి వేయకూడదు, కడుపు ఉబ్బుతుంది.