బ్రిజిడ్ పండుగ ఎవరిది? పునీతదా, పాత దేవతదా?

కిల్డేర్_వాసి:
ఫిబ్రవరి 1 బ్రిజిడ్ పండుగ. 2023 నుంచి ఐర్లాండ్‌లో దీనికి ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు. ఏటా చర్చిలో దీన్ని క్రైస్తవ పండుగగానే చెబుతారు. నేను ఒప్పుకోను. గొర్రెలు ఈని, పాలు దిగే కాలానికి వచ్చే ఇంబోల్క్ అనే క్రైస్తవానికి ముందటి పండుగే దీని అసలు రూపం. సుమారు 900 నాటి ఐరిష్ పదకోశం, కార్మాక్ నిఘంటువు తెరిచి చూడండి: బ్రిజిడ్ పాత ఐరిష్ దేవుడు దగ్దా కూతురు, కవులు కొలిచిన దేవత.

గుంటూరు_మరియ:
ఆ నిఘంటువుకు రెండు శతాబ్దాల ముందే కొగిటోసస్ అనే ఐరిష్ సన్యాసి ఆమె జీవితచరిత్ర రాశాడండీ. అందులో ఉన్నది కిల్డేర్ మఠాన్ని స్థాపించిన మనిషి. స్త్రీలూ పురుషులూ ఒకే కప్పు కింద, మధ్యలో అడ్డుగోడతో ప్రార్థించే చర్చి వర్ణన ఉంది. దేవత ప్రసక్తే లేదు. ముందు రాసినదాన్ని వదిలి తరువాతి దాన్ని ఎందుకు పట్టుకున్నారు?

కిల్డేర్_వాసి:
మరి కిల్డేర్‌లోని ఆరని మంట సంగతి? 12వ శతాబ్దంలో గెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతగురువు రాశాడు: 19 మంది సిస్టర్లు రాత్రికొకరు చొప్పున మంటను కాస్తారు, 20వ రాత్రి బ్రిజిడే కాస్తుంది, మగవాడు కంచె దాటకూడదు. ఇది అగ్నిపూజ కాక మరేమిటి?

గుంటూరు_మరియ:
చర్చి తలుపుల గురించి కూడా రాసిన కొగిటోసస్ ఆ మంట గురించి ఒక్క మాటా రాయలేదు. అంత పాతదైతే ఆయన కంట పడేది కాదా?

కిల్డేర్_వాసి:
మతగురువుల కోసం రాసేవాడు పాత దేవత నిప్పు గురించి ఎందుకు చెబుతాడు? ఆ మౌనమే నాకు సాక్ష్యం.

కృష్ణాతీరం:
1993లో కిల్డేర్ కూడలిలో ఆ జ్యోతిని మళ్లీ వెలిగించింది కాథలిక్ సన్యాసినులైన బ్రిజిడిన్ సిస్టర్లే కదా.

కిల్డేర్_వాసి:
నేను అడిగింది 1993 గురించి కాదు.

కెర్రీ_నర్సు:
నేను వృద్ధాశ్రమంలో పనిచేస్తాను. ఇక్కడి పెద్దవాళ్లు జనవరి 31 సాయంత్రం తుంగతో సిలువలు అల్లి, ఇంటికి నిప్పు అంటకూడదని గుమ్మం మీద కట్టేవారట, పశువుల కొట్టంలోనూ ఒకటి. ఆ రాత్రి ఒక గుడ్డముక్క బయట ఆరేస్తే బ్రిజిడ్ దాన్ని తాకి వెళుతుందని నమ్మకం. తలనొప్పి వస్తే ఏడాది పొడవునా ఆ గుడ్డే తలకు చుట్టుకునేవారు. గడ్డి టోపీలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగే బిడ్డీ (బ్రిజిడ్ ముద్దుపేరు) వేషాలు ఈ కెర్రీ జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. వీటిలో మీ ఇద్దరి వాదనా ఇమడదు.

గుంటూరు_మరియ:
చూశారా, సిలువ! పోయిన ఏడాది మా ఆఫీసు వేడుకలో దాన్ని ‘తుంగ అల్లిక’ అని రాశారు. సిలువ అనండి అన్నందుకు నన్ను మూఢురాలిలా చూశారు. దేవత పేరు చెప్పి మా విశ్వాసాన్ని తుడిచేస్తున్నారు. మీరు చేస్తున్నదీ అదే!

కిల్డేర్_వాసి:
తుడిచేయడం గురించి మీరు చెబుతారా? మా అత్తగారు ఐరిష్ ఆవిడ. పెళ్లికాకుండా గర్భవతి అయిందని సిస్టర్లు నడిపే ఆశ్రమంలో పెట్టారు. బిడ్డను దత్తతకు పంపేశారు, ముఖమైనా సరిగా చూడనివ్వలేదు. 2021 నాటి విచారణ కమిషన్ నివేదిక చదవండి: అలాంటి 18 సంస్థల్లో దాదాపు 9,000 మంది పిల్లలు చనిపోయారు. అలాంటి చర్చి చేతుల్లో ఈ ఒక్క ఆడమనిషి పండుగనూ ఎలా వదిలేయమంటారు?

కృష్ణాతీరం:
ఇదన్నమాట అసలు గొడవ.

గుంటూరు_మరియ:
మీ అత్తగారికి జరిగినదాన్ని నేను సమర్థించను, ఎవరూ సమర్థించకూడదు. కానీ అందుకే బ్రిజిడ్‌ను మనిషిగా నిలబెట్టుకోవాలంటున్నాను. 1132లో లీన్‌స్టర్ రాజు డయార్మెయిట్ మక్‌మరో కిల్డేర్ మహిళా మఠాధిపతిని చెరబట్టించి, ఆ పీఠం మీద తన బంధువురాలిని కూర్చోబెట్టాడు. అధికారం లేని పీఠమైతే రాజుకు దానితో పనేమిటి? వందల ఏళ్లు ఆడవాళ్లు అక్కడ నిజంగా పాలించారు. దేవతను చేస్తే ఆ పాలన కథగా మిగిలిపోతుంది.

కిల్డేర్_వాసి:
ఆ పాలనను వాళ్ల చేతుల్లోంచి లాక్కున్నదీ చర్చే. మఠాధిపతిని నేను కాదనడం లేదు, ఆమె పండుగకు చర్చి హక్కుదారు అనడాన్నే కాదంటున్నాను.

గుంటూరు_మరియ:
నేనూ ఏటా సిలువ అల్లుతాను. హక్కు బిషప్పుదని ఎప్పుడన్నాను?