పొడి మందు కలపడానికి వీలయ్యే, మళ్లీ వాడలేని సిరంజి ఎలా తెప్పించాలి?

అభివృద్ధి చెందుతున్న దేశాల్లో పనిచేసిన నర్సులు, ఫార్మసిస్టులు, మందుల సరఫరా చూసేవాళ్లు దయచేసి సాయం చేయండి. మాది చిన్న ఆరోగ్య కేంద్రం. టీకాలకు ఇబ్బంది లేదు, ఒక్కసారి వాడగానే లాకైపోయే 0.5 మి.లీ. ఆటో డిసేబుల్ సిరంజిలు, సేఫ్టీ బాక్సులు వాటితోపాటే వస్తాయి. చిక్కంతా చికిత్స ఇంజెక్షన్లతోనే. వాటికి మామూలు సిరంజిలే వస్తున్నాయి. స్టాకు తగ్గినప్పుడు ఎవరైనా మళ్లీ వాడేస్తారేమోనని ఒకటే టెన్షన్. సూది మార్చినంత మాత్రాన సరిపోదు. గొట్టంలో కంటికి కనిపించనంత రక్తం మిగిలినా హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఉంది. చికిత్సకూ మళ్లీ వాడలేని సిరంజిలే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

అందుకే 5 మి.లీ.లో లాకయ్యే రకం తెప్పించాం. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ పొడి దగ్గరే ఆగిపోయాం. స్టెరైల్ వాటర్ లాగి సీసాలోకి నెట్టగానే ప్లంజర్ (నెట్టే కడ్డీ) లాకైపోతుంది, కలిపిన మందు లాగడానికి ఇంకో సిరంజి తీయాల్సిందే. చివరిదాకా నెట్టకుండా చూసినా అంతే. కలపడానికి విడిగా మామూలు సిరంజి పెడితే ఖర్చు పెరిగింది, పైగా అదే సిరంజితో రోజంతా కలిపే ప్రమాదం. సరఫరాదారు ఐఎస్ఓ 7886-4 (మళ్లీ వాడలేని సిరంజిల అంతర్జాతీయ ప్రమాణం) సర్టిఫికెట్ చూపిస్తున్నాడు గానీ, ప్లంజర్ ఎన్నిసార్లు లాగొచ్చో చెప్పడం లేదు.

మందు కలిపేటప్పుడు లాకవకుండా, రోగికి ఇచ్చాకే లాకయ్యే 5 మి.లీ. సిరంజి రావాలంటే ఆర్డర్‌లో ఏ వివరం రాయాలి?