ఆర్థర్ యాష్ గురించి పిల్లలకు ఎలా చెప్పాలి?

డిసెంబర్ 1, ఎయిడ్స్ దినం రోజు మా స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఆర్థర్ యాష్ గురించి చెప్పాలనుకుంటున్నాను. ఆయన అమెరికా టెన్నిస్ ఆటగాడు, వింబుల్డన్ టెన్నిస్ టోర్నీ గెలిచిన తొలి నల్లజాతి పురుషుడు. 1975 ఫైనల్లో జిమ్మీ కానర్స్‌తో ఆడుతూ, కోర్టు మారే విరామాల్లో కుర్చీలో కళ్లు మూసుకుని నిశ్చలంగా కూర్చున్నారు. ఆ దృశ్యమంటే నాకు ప్రాణం. అక్కడే మొదలుపెడతాను.

1983లో గుండె ఆపరేషన్ తర్వాత ఎక్కించిన రక్తం వల్లే హెచ్ఐవీ సోకిందని ఆయన నమ్మారు. ఒక పత్రిక ఆరా తీయడంతో 1992లో తానే బయటపెట్టాల్సి వచ్చింది. 1993 ఫిబ్రవరిలో చనిపోయేదాకా ఎయిడ్స్ గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

నా టెన్షనల్లా ఒకటే. ఇది విని పిల్లలు రక్తం ఎక్కించుకోవడమంటేనే భయపడతారేమో! ఇప్పుడు దాతల రక్తాన్ని పరీక్షించాకే ఎక్కిస్తారని వాళ్ల భాషలో ఎలా చెప్పాలి? టీచర్లు, నర్సులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.