సైలెన్సర్ మార్చాక యాక్సిలరేటర్ వదిలితే చాలు పటపటలు: క్లాసిక్ 350, కార్బరేటర్ మోడల్

నాచారం క్లాసిక్:

నాది 2018 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కార్బరేటర్ బండి. 41 వేల కిలోమీటర్లు తిరిగింది. పాత సైలెన్సర్ అడుగున తుప్పుపట్టి చిల్లు పడితే, మూడు వారాల కింద పుత్లీబౌలిలో ఒక షాపులో 3,200 పెట్టి బయటి కంపెనీది వేయించాను. సౌండ్ కోసం వేయించలేదు, ముందే చెబుతున్నా. డబ్బులు కలిసొస్తాయని వేయించాను.

తార్నాక ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడు మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే మొదలవుతుంది. పట్... పట్ పట్... పట్. నిన్న లెక్కపెట్టాను, పైనుంచి కిందికి వచ్చేసరికి 14.

సికింద్రాబాద్‌లో ప్రింటింగ్ ప్రెస్ డ్యూటీ, ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండున్నర. మా సందు మలుపులో యాక్సిలరేటర్ వదలగానే మూడు పటాకులు పేలతాయి. కింది పోర్షన్‌లో ఓనర్ గారి కోడలికి రెండు నెలల పాప. ఆమె నన్ను ఒక్క మాట అనదు. లేచి కిటికీ మూస్తుంది, అంతే. తిట్టినా బాగుండేది.

బిగించిన షాపాయన "కొత్తలో అట్లనే ఉంటది, 500 తిరిగితే సెట్ అయితది" అన్నాడు. 600 తిరిగాను. ఇంకో మెకానిక్ ఏదో స్క్రూ తిప్పాడు. ఇప్పుడు సిగ్నల్ దగ్గర బండి గుర్రుమంటూ నిలబడుతోంది కానీ పటపటలు మాత్రం తగ్గలేదు. మూడో ఆయన కార్బరేటర్‌లో జెట్ (పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రం ఉన్న ముక్క) మార్చాలి, 1,500 అవుతుంది అంటున్నాడు. స్పార్క్ ప్లగ్ తీసి చూశాను, తెల్లగా ఉంది. జెట్ మార్పించమంటారా?

రాణిగంజ్ పాతకాపు:

తమ్ముడూ, ఆ 1,500 జేబులోనే ఉండనీ.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు చక్రమే ఇంజన్‌ను తిప్పుతుంది. అప్పుడు లోపలికి పోయే కొద్దిపాటి పెట్రోల్ సరిగ్గా కాలదు. సగం మండి సగం మండకుండా వేడి పైపులోకి వచ్చి పడుతుంది. అక్కడ అంటుకోవాలంటే దానికి గాలి దొరకాలి. నీ పైపులోకి గాలి ఎక్కడినుంచి దూరుతోందో ముందు అది పట్టుకో. పొగ బయటికి కొట్టే చోటే గాలి లోపలికి కూడా పోతుంది. ఇంజన్ ఒక్కో దెబ్బకి పొగను నెట్టాక పైపులో ప్రెషర్ పడిపోతుంది, ఆ క్షణంలో చిన్న సందున్నా బయటి గాలిని పీల్చేస్తుంది.

పాత సైలెన్సర్‌లోనూ కొంచెం పేలే ఉంటుంది. దాని లోపల గదులు గదులుగా ఉండటంతో శబ్దం అక్కడే చచ్చేది. ఇప్పుడు వేసింది నేరుగా ఉన్న గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్. దాచదు.

పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, వెలిగించిన అగరబత్తిని ఇంజన్ హెడ్‌కీ, అందులోంచి వంగి బయటికొచ్చే బెండ్ పైపుకీ మధ్య అతుకు దగ్గర పట్టుకో. తర్వాత బెండ్ పైపు సైలెన్సర్‌లోకి దూరే క్లాంప్ దగ్గర. పొగ నిటారుగా లేస్తే మంచిదే. ఊదినట్టు చెదిరినా, లోపలికి లాగినట్టు వంగినా దొంగ దొరికినట్టే. కార్బరేటర్ దగ్గర పెట్రోల్ చెమ్మ గానీ వాసన గానీ ఉంటే అగరబత్తి వద్దు, సబ్బు నురగ పూసి బుడగలు చూడు. నట్ల చుట్టూ నల్లగా మసి చార ఉన్నా అదే లెక్క.

లీక్ హెడ్ దగ్గరైతే నట్లు విప్పి టార్చ్ వేసి చూడు. పాత గ్యాస్కెట్, అంటే అతుకు లీకవకుండా పెట్టే రింగు, పోర్టులో (హెడ్‌లోంచి పొగ బయటికొచ్చే రంధ్రం) అతుక్కుపోయి మనకి హెడ్‌లో భాగం లాగానే కనబడుతుంది. దాన్ని తీయకుండా దాని మీదే కొత్తది పెట్టి బిగించేసే మహానుభావులు చాలామంది. అప్పుడు పైపు ఒక పక్కకి ఒరుగుతుంది. క్లాంప్ దగ్గరైతే ఇంకో వేషం: సైలెన్సర్ మూతి లూజుగా ఉంటే కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి చుడతారు. వారం బతుకుతుంది.

బిగించేటప్పుడు అన్నీ వేళ్లతో ఎక్కించి వదిలెయ్. ముందు హెడ్ నట్లు అటోసారి ఇటోసారి సమంగా, తర్వాత క్లాంప్, చివర్లో ఫ్రేమ్‌కి పట్టే బోల్టు. చాలా చోట్ల ఇది తలకిందులుగా చేస్తారు. వెనక బోల్టు ముందే బిగిస్తే సైలెన్సర్ బరువంతా గ్యాస్కెట్‌ని లాగుతుంది.

ఉప్పల్ టూరర్:

అన్న చెప్పింది కరెక్ట్. ఇంకొకటి కూడా చూసుకోండి, పీఏవీ పైపు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి హెడ్‌కి పోయే సన్నటి రబ్బరు గొట్టం. మండని పెట్రోల్ పైపులోనే కాలిపోవాలని కంపెనీవాళ్లే అటు గాలి పంపుతారు. దాని వాల్వ్ పాడైతే వదిలినప్పుడు కూడా గాలి పోతూనే ఉంటుంది. గొట్టాన్ని ఒక్క రైడ్ వరకు నొక్కిపెట్టి చూడండి. పటపటలు పోతే వాల్వ్ మార్చండి. గోళీ పెట్టి శాశ్వతంగా మూసేయమని సలహాలిస్తారు, అది పొల్యూషన్ తగ్గించడానికి పెట్టింది, మూయకండి.

పోలీసుల సంగతి కూడా గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద శబ్దం, పొగ నియమాలు దాటితే మొదటిసారికే 10 వేల వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్స్ కూడా పోవచ్చు. సైలెన్సర్ చివర శబ్దం తగ్గించడానికి ఉండే డీబీ కిల్లర్ తీసేసి ఉంటే ముందు అది పెట్టించండి. అది లేకపోతే పేలుడు ఇంకా గట్టిగా వినబడుతుంది.

బోడుప్పల్ కుర్రాడు:

నాది 2022 ఇంజెక్షన్ బండి అన్నా, సేమ్ ప్రాబ్లం. స్క్రూ ఎక్కడుంటుంది?

రాణిగంజ్ పాతకాపు:

నీకు స్క్రూ లేదు నాయనా. బెండ్ పైపు మీద ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. దాని కన్నా ముందు లీక్ ఉంటే బయటి గాలిని చూసి "పెట్రోల్ తక్కువైంది" అనుకుని ఈసీయూ (బండిలోని కంప్యూటర్) ఇంకా పోస్తుంది. నీకూ గ్యాస్కెట్టే ముందు. రీమ్యాప్, అంటే ఆ కంప్యూటర్ లెక్కలు మార్చే మాట, తర్వాత.

నాచారం తమ్ముడికి ఇంకో మాట. నీ రెండో మెకానిక్ తిప్పింది ఐడిలింగ్ స్క్రూ, బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఎంత తిరగాలో చూసేది. దాన్ని మళ్లీ కిందికి దించు. గాలీ పెట్రోల్ పాళ్లు చూసే మిక్స్చర్ స్క్రూ వేరే, కార్బరేటర్‌కి ఇంజన్ వైపు ఉంటుంది, కొన్నిటికి పైన ఇత్తడి మూత కొట్టి ఉంటుంది. ప్లగ్ తెల్లగా ఉందన్నావు కాబట్టి పెట్రోల్ కొంచెం తక్కువే పోతోంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిందే పోస్తున్నారు కదా. పెట్రోల్ కాలడానికి ఒకటికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. సెన్సర్ లేని కార్బరేటర్‌కి ఈ తేడా తెలియదు, పాత లెక్కనే పోస్తుంది. లీక్ మూశాక, బండి వేడెక్కాక, ఆ స్క్రూ అర చుట్టు బయటికి తిప్పి చూడు. మొదట ఎక్కడుందో గీత పెట్టుకోవడం మర్చిపోకు.

నాచారం క్లాసిక్:

ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. పూజ గదిలోంచి అగరబత్తి తెస్తుంటే మా ఆవిడ "బండికి హారతా?" అంది.

క్లాంప్ దగ్గర పొగ కదల్లేదు. హెడ్ దగ్గర పెట్టగానే టపటపా చెదిరిపోయింది. విప్పితే మీరు చెప్పినట్టే ఉంది. టార్చ్ వేస్తే పోర్టు అంచున నల్లటి రింగు. మొదట హెడ్డే అనుకున్నాను. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా గీకితే అడుగున రాగి మెరిసింది. దాన్ని మూడు ముక్కలుగా తీశాను. షాపాయన వేసిన కొత్తది దాని మీద పడి ఒక పక్క నలిగి, ఇంకో పక్క కనీసం ముద్ర కూడా పడకుండా ఉంది. వంద రూపాయల లోపే ఇంకోటి తెచ్చి మీరు చెప్పిన వరసలో బిగించాను.

అదే ఫ్లైఓవర్, అదే మూడో గేర్: 14 పోయి 4 అయింది. ఐడిలింగ్ దించి, మిక్స్చర్ అర చుట్టు తిప్పాక 2. ప్లగ్ ఇంకా చూడలేదు. పీఏవీ నొక్కి చూశాను, తేడా లేదు, వదిలేశాను. రాత్రి సందులోకి వచ్చేటప్పుడు చెయ్యి ఒక్కసారిగా కాకుండా మెల్లగా వదులుతున్నాను. నిన్న ఒక్కటే పేలింది, అదీ దగ్గినట్టు. కిటికీ తెరిచే ఉంది.

నట్లు మళ్లీ ఎప్పుడు బిగించాలి అన్నా?

రాణిగంజ్ పాతకాపు:

100, 150 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి. బాగా చల్లారాకే బిగించు. వేడి మీద బలం చూపిస్తే స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) హెడ్‌లోనే తెగుతుంది. ఆ పని 1,500తో అవ్వదు.