ఫొటో చూసి సెరియస్సో, శాన్ పెడ్రోనో తేల్చడం ఎలా?

కుండీమట్టి
రెండు నిలువు కాక్టస్‌లకు పేర్లు కావాలి. మొదటిది 120 సెం.మీ. ఎత్తు, 6 గట్లు (రిబ్‌లు), నీలం కలిసిన పచ్చ, గోధుమరంగు ముళ్ళు 1–2 సెం.మీ. రెండోది 90 సెం.మీ., 7 గట్లు, ముదురు పచ్చ, ముళ్ళు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. మొక్కల యాప్ రెండింటికీ ‘సెరియస్ పెరూవియానస్’ అనే చెబుతోంది. చూడబోతే రెండూ ఒకటి కావు. పూత ఇంకా రాలేదు. దేన్ని బట్టి విడదీయాలి?

ముళ్ళకంచె
యాప్ మాట పక్కన పెట్టండి. గట్ల లెక్క, రంగు, ఈ రెంటినే పట్టుకుంటే ఎవరైనా బోల్తా పడతారు. నీడలో సాగిపోయిన కాండానికి గట్లు పలచబడతాయి, ఒకటి రెండు తగ్గనూ తగ్గుతాయి. ఆ నీలం పైన పేరుకున్న మైనపు పూత, వేలితో రుద్దితే కింద పచ్చ బయటపడుతుంది.

అసలు చూడాల్సింది గట్టు అంచు. ముళ్ళు పుట్టే దూదిచుక్క ఉంటుంది చూడండి, ఏరియోల్ అంటాం, సరిగ్గా దాని పై భాగం. శాన్ పెడ్రోకి (ట్రైకోసెరియస్ పచనోయ్) అక్కడ గోరుతో అడ్డంగా నొక్కినట్టు గాడి ఉంటుంది, అది గట్టుకు రెండు పక్కలా కిందికి వాలుతుంది. గట్టు కూడా వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. సెరియస్‌కి గట్టు పలచన, లోతు ఎక్కువ, అంచు కత్తివాదరలా సాగిపోతుంది. గాడి ఉన్నా లీలగా ఉంటుంది, పక్కలకు దిగదు.

మీ రెండోదాని క్లోజప్‌లో మూడు ఏరియోల్‌ల పైనా ఆ గాడి స్పష్టంగా ఉంది. అది శాన్ పెడ్రో గుంపే. మొదటిదాని ఫొటో మసకగా ఉంది, దానికి ఇప్పుడే పేరు పెట్టలేను.

ఎండపొడ
ముందు అది కాక్టసో కాదో చూడాలి కదా. జెముళ్ళలో, అంటే యుఫోర్బియాల్లో, నిలువుగా పెరిగేవి ఫొటోలో అచ్చం ఇలాగే ఉంటాయి. వాటి ముళ్ళు చాలావరకు జంటలుగా, గట్టి కొమ్ములాంటి పెచ్చు మీద వస్తాయి. అడుగున దూది ఉండదు. గీరితే పాలు కారతాయి గానీ ఆ పరీక్ష చేయకండి, ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. దూదిచుక్క ఉందో లేదో ఫొటోలోనే కనబడుతుంది.

మొదటిది మిర్టిల్లోకాక్టస్ అనే ఇంకో నిలువు కాక్టస్ కావచ్చు అనిపిస్తోంది. ఆ నీలం దానిదే.

ముళ్ళకంచె
నీలాన్ని బట్టి చెప్పొద్దు అన్నది ఇందుకేనండీ. లేత సెరియస్‌లు, పైలోసోసెరియస్‌లు కూడా నీలంగా ఉంటాయి. మిర్టిల్లోకాక్టస్ జియోమెట్రిజాన్స్ అయితే గట్టు అంత లోతుగా ఉండదు, ముదిరిన ఏరియోల్ మధ్యలో ఒక్క ముల్లు బాకులా చదునుగా నిలబడుతుంది. పైలోసోసెరియస్ అయితే ఏరియోల్ దగ్గర పొడుగాటి తెల్ల నూగు ఉండాలి.

కుండీమట్టి గారూ, మొదటిదానివి ఇంకో మూడు ఫొటోలు తీయండి. ఒకటి కొసను నిట్టనిలువుగా పైనుంచి. రెండోది, కొసకు ఓ 30 సెం.మీ. కింద ఒకే ఏరియోల్, పక్కన స్కేలు పెట్టి. మూడోది గట్టును పక్కనుంచి, వెనక వెలుగు ఉండేలా. ఫ్లాష్ వద్దు, మైనపు పూత తెల్లగా వెలిగిపోయి అంచు కనబడదు. ఫోన్‌ను మరీ దగ్గర పెడితే గట్లు ఉన్నదానికన్నా లోతుగా కనిపిస్తాయి, ఒక మీటరు దూరం జరిగి జూమ్ చేయండి.

కుండీమట్టి
తీసి పెట్టాను. గట్టు లోతు 3.5 సెం.మీ., మందం అంచు దగ్గర ఒక సెం.మీ. కూడా లేదు. మధ్య ముల్లు గుండ్రంగా, సూదిలా ఉంది, చదును లేదు. నూగు పొట్టిగా ఉంది. రుద్దితే నీలం పోయింది.

ముళ్ళకంచె
అయితే సెరియస్.

ఎండపొడ
మిర్టిల్లో మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి సెరియస్ పెరూవియానస్ అనొచ్చా?

విత్తనాలపెట్టె
ఆ పేరు పుట్టుకనుంచే గందరగోళం. ఇప్పుడు దాన్ని ఎక్కువమంది సెరియస్ రెపాండస్‌లో కలిపేస్తున్నారు, కానీ పెరూవియానస్ చీటీతో అమ్మే మొక్కల్లో చాలావరకు దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే వైపు పెరిగే సెరియస్ హిల్డ్‌మాన్నియానస్. అసలు రెపాండస్ వెనెజులా, కురసావ్ వైపుది, ముదిరితే గట్లు సాధారణంగా ఎనిమిదికి పైనే. 6 గట్లంటే హిల్డ్‌మాన్నియానస్ గానీ, ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే సెరియస్ జమకారు గానీ అయ్యే అవకాశం ఎక్కువ. ఈ రెంటినీ పూత రాని లేత మొక్క ఫొటోలో విడదీయడం కుదరదు. ఎవరైనా ఖాయంగా చెప్పారంటే ఊహించారనే అర్థం. చీటీ మీద ‘సెరియస్ జాతి, 6 గట్లు’ అని, ఫొటో తీసిన తేదీ రాసి ఉంచండి.

పూస్తే మాత్రం పువ్వు గొట్టాన్ని వదలొద్దు. సెరియస్‌వీ, శాన్ పెడ్రోవీ రెండూ రాత్రిపూట పూసే పెద్ద తెల్లపూలే. సెరియస్ గొట్టం నున్నగా ఉంటుంది, శాన్ పెడ్రో గొట్టం నిండా గోధుమ, బూడిద వెంట్రుకలు. మొగ్గలోనే తేడా తెలుస్తుంది, పువ్వు విచ్చేదాకా ఆగక్కర్లేదు.

కుండీమట్టి
రెండోదాని వెనకవైపు ఎండి రాలబోతున్న మొగ్గ ఒకటి దొరికింది, రెండు సెం.మీ. కూడా లేదు. ఒళ్ళంతా గోధుమరంగు వెంట్రుకలు. ఫొటో పెట్టాను.

విత్తనాలపెట్టె
ఇక అది శాన్ పెడ్రో గుంపే, ఖాయం. మొదటిది పూసినప్పుడు ఇదే థ్రెడ్‌లో ఫొటో పెట్టండి.