మొదటి ఇల్లు: లోన్ ఎంత వస్తుంది, చేతిలో ఎంత ఉండాలి? (విజయవాడ, గుంటూరు వాళ్లు చెప్పండి)

కానూరు_అద్దెవాసి

నమస్తే అండి. నేను ఆటోనగర్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, మా ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచర్. ఇద్దరి జీతాలూ కలిపి నెలకి 62 వేలు చేతికొస్తాయి. పెళ్లయినప్పట్నుంచీ అద్దె కొంపే. పోరంకి వైపు కడుతున్న అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ 48 లక్షలు చెప్తున్నారు. మా దగ్గర ఉన్నది 9 లక్షలు, పీఎఫ్‌లో ఇంకో రెండు లక్షల దాకా తీయొచ్చు. బిల్డర్ ఆఫీసులో కుర్రాడు మాత్రం "90 శాతం లోన్ మేమే చేయిస్తాం సార్, మీరు టెన్షన్ పడకండి" అంటున్నాడు. అతను టెన్షన్ పడొద్దన్నకొద్దీ నాకు టెన్షన్ పెరుగుతోంది. ప్రభుత్వ సాయం ఏమైనా వస్తుందా? ఈమధ్య లోన్ తెచ్చుకున్నవాళ్లు కాస్త చెప్పండి.

సింగ్‌నగర్_కుర్రోడు

90 శాతం అనేది 30 లక్షల లోపు లోన్‌కే అన్నా. 48కి ఆ లెక్క రాదు.

రిటైర్డ్_మేనేజరు

ఆంధ్రా బ్యాంకులో చేరాను, 2020 విలీనం పుణ్యమా అని యూనియన్ బ్యాంకులో రిటైరయ్యాను. హౌసింగ్ లోన్లు చూసిన అనుభవంతో చెప్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

రిజర్వు బ్యాంకు రూలు ప్రకారం లోన్ 30 లక్షల దాకా అయితే ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వొచ్చు. 30 దాటి 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే, అంతా ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. అసలు మెలిక ఆ "ఇంటి విలువ" దగ్గరుంది. అగ్రిమెంట్‌లో రాసిన రేటు ఒకటి, బ్యాంకు వాల్యుయర్ వచ్చి చూసి రాసే రేటు ఇంకొకటి. రెండిట్లో ఏది తక్కువైతే బ్యాంకు దాన్నే పట్టుకుంటుంది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు అందులో కలపరు.

మన బెజవాడలో మామూలుగా జరిగేదేంటి? 48 లక్షల ఫ్లాట్‌ని 38కి రిజిస్టర్ చేద్దాం, మిగతా 10 చేతికివ్వండి అంటారు. కొనేవాడికి స్టాంపు డ్యూటీ తగ్గుతుందని ఆశ. తగ్గేది 75 వేలు. లోన్ మాత్రం 38కే లెక్క, అందులో 80 శాతం అంటే 30 లక్షల 40 వేలు. అంటే 17 లక్షల 60 వేలు మీరే తేవాలి. దాని మీద రిజిస్ట్రేషన్‌కి 2 లక్షల 85 వేలు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. ఇరవై లక్షల పైమాటే చేతిలో ఉండాలి. పైగా ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకున్నవాళ్లకి అంతే మొత్తం జరిమానా పడుతుంది. రేపు మీరు అమ్ముకునేటప్పుడు కొన్న ధర 38 అనే చూపించాలి, లాభం ఎక్కువ కనబడి పన్నూ మీదే.

పూర్తి ధర కాగితం మీద చూపి మొత్తం వైట్ అయితే విలువను బట్టి 38 లక్షల 40 వేలు రావచ్చు గానీ, దానికి 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకి నెల వాయిదా 32 వేలు దాటుతుంది. 62 వేల జీతంలో సగం పైన వాయిదాకే పోతే బ్యాంకు ఒప్పుకోదు, ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకూడదు. 30 లక్షలైతే 25 వేల చిల్లర. నా మాట వింటే అంతకు మించి వెళ్లకండి. ఆ 30కి కూడా ఇరవై ఏళ్లలో కట్టే వడ్డీయే ఇంకో 30 లక్షలవుతుంది.

ఇంకొకటి. కడుతున్న ఫ్లాట్ అన్నారు కాబట్టి జీఎస్టీ ఉంటుంది. ధర 45 లక్షల లోపు, మన ఊళ్లలో కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం) 90 చదరపు మీటర్ల లోపు అయితే 1 శాతం. 45 దాటితే 5 శాతం. మీ 48కి 2 లక్షల 40 వేలు. బిల్డింగు పూర్తయిందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.

కానూరు_అద్దెవాసి

సార్, కళ్లు తెరిపించారు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో బాగా మిగులుతుందని కూడా ఆ ఆఫీసులో చెప్పారు, అదైనా నిజమేనా?

రిటైర్డ్_మేనేజరు

పాత విధానంలో అసలుకి లక్షన్నర, వడ్డీకి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. కొత్త విధానంలో సొంతానికి ఉండే ఇంటికి ఆ మినహాయింపులు లేవు. మీ ఇద్దరి జీతాలకీ కొత్త విధానంలో అసలు పన్నే పడదు కదా, ఇంక మిగిలేదేముంది?

మంగళగిరి_కోడలు

అన్నయ్యగారూ, ప్రభుత్వ సాయం గురించి అడిగారు కదా, మేం తీసుకున్నది చెప్తాను. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో పాత వడ్డీ సబ్సిడీ 2022 మార్చితో అయిపోయింది. ఇప్పుడున్నది 2.0, 2024 సెప్టెంబరు 1 నుంచి. ఆ తేదీ తర్వాత మంజూరై, డబ్బు కూడా ఆ తర్వాతే విడుదలైన లోన్లకే వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షలు మించకూడదు. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు. మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ సబ్సిడీ ఇస్తారు. అంతా కలిపి 1 లక్షా 80 వేలు, ఒక్కసారి కాదు, ఏడాదికి ఒకటి చొప్పున ఐదు విడతలు. మా లోన్ ఖాతాలో మొదటి విడత పడింది.

మేం కొన్నది మంగళగిరిలో పాత ఫ్లాటే, రీసేల్. కొత్తదే ఉండాలని లేదు. నా పేరూ మా వారి పేరూ కలిపి రాయించుకున్నాం. ఇంట్లో అందరి ఆధార్ అడిగారు. దేశంలో ఎక్కడా మా పేర్ల మీద పక్కా ఇల్లు లేదని రాసిచ్చాం. మా మామగారికి పెదవడ్లపూడిలో ఇల్లుంది, దాంతో వచ్చే ఇబ్బందేమీ లేదన్నారు. పెళ్లయిన కొడుకుది వేరే కుటుంబం కింద లెక్క. అయితే గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ పథకం కింద ఇల్లు తీసుకున్నా మళ్లీ ఇవ్వరు, అది ముందే చూసుకోండి.

అసలు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. విడతలు పడేటప్పుడు లోన్ నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ ఇంకా ఉండాలి. అందుకే మా వారు పొలం అమ్మిన డబ్బు లోన్‌లో కట్టేద్దామంటే నేను ఆపాను.

నల్లపాడు_మిర్చి

జీతగాళ్లకి ఇవన్నీ బానే ఉంటాయి. నాది గుంటూరు యార్డు దగ్గర చిన్న కమీషన్ వ్యాపారం. చేతిలో డబ్బు ఆడుతుంది, ఐటీ రిటర్నులు మాత్రం ఏడాదిగానే వేస్తున్నాను. బ్యాంకుల్లో మూడేళ్లవి అడిగారు. చివరికి ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ దుకాణానికి వచ్చి, తూకం పుస్తకాలూ బ్యాంకు స్టేట్‌మెంటూ చూసి ఇచ్చింది. వడ్డీ 12 శాతం చిల్లర. ప్రాసెసింగ్ ఫీజు చాలదన్నట్టు ఇన్సూరెన్స్ కూడా లోన్‌లోనే కలిపేశారు. అది తప్పనిసరి అన్నారు మరి.

రిటైర్డ్_మేనేజరు

ఆ కంపెనీ దగ్గరే ఇన్సూరెన్స్ తీసుకోవాలని బలవంతం చేసే హక్కు వాళ్లకి లేదు. 2024 అక్టోబరు నుంచి లోన్ ఇచ్చేవాళ్లు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి. ఫీజులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే ఏడాదికి అసలు ఎంత శాతం పడుతోందో అందులో ఉంటుంది. వాయిదా ఎంత అని కాకుండా ఆ అంకె చూసి రెండు చోట్ల పోల్చుకోండి.

మీరు రిటర్నులు వేస్తూ ఉండండి. రెండు మూడేళ్లయ్యాక బ్యాంకుకి మార్పించుకోవచ్చు. వ్యక్తుల పేరు మీద ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ హౌసింగ్ లోన్‌ని ముందే తీర్చినా, వేరే బ్యాంకుకి మార్చినా పెనాల్టీ లేదు. మీది ఫ్లోటింగో ఫిక్స్‌డో ముందు చూసుకోండి.

బ్రాడీపేట_రెండో_లైను

మార్జిన్ డబ్బుకి, అంటే లోన్ పోగా మనం పెట్టాల్సినదానికి, చీటీ పాడుకోండి. మా నాన్న కాలం నుంచీ గుంటూరులో సగం ఇళ్లు అలాగే లేచాయి.

సింగ్‌నగర్_కుర్రోడు

ఆ రోజుల్లో ఈఎంఐ లేదు అన్నా. ఇప్పుడు 25 వేల వాయిదా మీద చీటీకి నెలకి ఇంకో 10 వేలు కడితే 62 వేల ఇల్లు ఏం తింటుంది? బంగారం పెడితే అది కూడా సిబిల్‌లో కనబడుతుంది, బ్యాంకు ఆ మేరకు లోన్ కోసేస్తుంది.

బ్రాడీపేట_రెండో_లైను

బంగారం పెట్టమని నేననలేదు. రిజిస్టర్ అయిన చీటీ, అదీ చివరికొచ్చినది, తక్కువ నష్టానికి పాడుకోమంటున్నాను. పాడుకున్నాక మిగిలేవి కొద్ది వాయిదాలే. అందరూ ఇప్పుడే కొత్త చీటీ వేసి రెండో నెలే పాడుకుంటారు, అక్కడే దెబ్బ తినేది.

గోరంట్ల_అల్లుడు

ఫ్లాట్ల గురించే మాట్లాడుతున్నారు, స్థలం ఉన్నవాళ్ల సంగతి చెప్తాను. మా అత్తగారు పసుపు కుంకుమ కింద మా ఆవిడకి గోరంట్లలో 150 గజాలు రాసిచ్చారు. స్థలం మనది, ఇల్లు కట్టడానికి లోన్ ఈజీ అనుకున్నాం. బ్యాంకు లాయరు గారి దగ్గర ఆగింది.

ఆయన 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) అన్నీ టేబుల్ మీద వరసగా పరిచారు. 2009లో ఆ స్థలం వచ్చిన కుటుంబంలో పంపకాల దస్తావేజు ఒకటుంది. అన్నదమ్ములు ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఆయన ఈసీ పక్కన పెట్టి, "ఈ ఇంట్లో ఆడపిల్లలు లేరా?" అని అడిగారు. ఉన్నారు, ఒకావిడ తెనాలిలో ఉంటారు. 2005 చట్ట సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకీ సమాన వాటా ఉంది కాబట్టి ఆవిడ సంతకం లేకుండా టైటిల్ క్లియర్ అని రాయనన్నారు. అత్తగారూ నేనూ పళ్లూ చీరా పట్టుకుని తెనాలి వెళ్లాం. ఆవిడ మంచి మనిషి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకొచ్చి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టారు. పెట్టనంటే మా లోన్ అక్కడితో సరి.

ఇంకో సంగతి, కట్టే లోన్ ఒకేసారి చేతికివ్వరు. పునాదికి కొంత, లింటెల్‌కి కొంత, శ్లాబు పడ్డాక కొంత, ఇంజినీరు వచ్చి చూసి రాశాకే తర్వాతి విడత. మేస్త్రి మాత్రం ముందే అడుగుతాడు. మధ్యలో పని ఆగకుండా ఒక విడత డబ్బు మన దగ్గర ఉండి తీరాలి. తీసుకున్న మేరకే వడ్డీ పడుతుంది, అదొక్కటే ఊరట. ప్లాన్ అప్రూవల్ లేకుండా, ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) లేని లేఅవుట్‌లో అయితే మన బ్యాంకులు ఫైలు కూడా తీసుకోవు.

మంగళగిరి_కోడలు

ఆ 2009 దస్తావేజు అనుమానం మాకెవరికీ తట్టేది కాదు అన్నయ్యా. లాయర్ ఫీజు దండగ అనేవాళ్లు ఇది చదవాలి.

తక్కెళ్లపాడు_టిడ్కో

మాది అడవితక్కెళ్లపాడు టిడ్కో ఇల్లు, ప్రభుత్వం పేదలకి కట్టించినది. ఒక్క మాట చెప్పి పోతా. మాకు కొందరు మధ్యవర్తులు వచ్చి అమ్ముతారా అని అడుగుతుంటారు. మీరెవరైనా అలా నోటరీ కాగితం మీద చవగ్గా కొనాలనుకుంటే వద్దు. నోటరీ కాగితానికి ఏ బ్యాంకూ హౌసింగ్ లోన్ ఇవ్వదు, ఇల్లు మీ పేరు మీదకి రాదు.

సింగ్‌నగర్_కుర్రోడు

చవక అంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ తర్వాత గ్రౌండ్ ఫ్లోర్లు రేటు తగ్గించి అమ్ముతున్నారు. వాల్యుయర్ రిపోర్టులో గోడ మీద నీటి చార రాయరు. లిఫ్టు గది పక్కన, మీటర్ బోర్డుల కింద చూడండి, కొత్త రంగు ఎంత ఎత్తు దాకా వేశారో కనబడుతుంది. ఎదురింటి వాళ్లనడిగినా చెప్పేస్తారు.

కానూరు_అద్దెవాసి

అందరికీ థాంక్స్. రాత్రి ఇద్దరం కూర్చుని లెక్కేశాం. పోరంకి ఫ్లాట్ వదిలేస్తున్నాం. 33 లక్షల లోపు రీసేల్, మొత్తం వైట్, లోన్ 25. అప్పుడు మేం పెట్టాల్సింది 8 లక్షలు, రిజిస్ట్రేషన్‌కి రెండున్నర, అంటే ఉన్న 9కి పీఎఫ్ రెండూ కలిపితే సరిపోతుంది, కాస్త మిగులుతుంది. వాయిదా 21 వేల లోపు. సబ్సిడీ కూడా వస్తుంది. రామవరప్పాడు వైపు ఒకటి చూశాం, కట్టి పాతికేళ్లయిందట. అంత పాతదానికి 20 ఏళ్ల లోన్ ఇస్తారా సార్?

రిటైర్డ్_మేనేజరు

వాల్యుయర్ ఆ బిల్డింగు ఇంకా ఎన్నేళ్లు నిలబడుతుందో రాస్తాడు. లోన్ గడువు అంతకన్నా కొన్నేళ్లు ముందే ముగిసేలా ఇస్తారు. పాతికేళ్ల బిల్డింగుకి 20 ఏళ్లు దొరకడం బ్యాంకుని బట్టి, బిల్డింగు పరిస్థితిని బట్టి. 15 ఏళ్లే అంటే 25 లక్షలకి వాయిదా 24 వేల దాకా వెళ్తుంది. అది కట్టగలరో లేదో ఇప్పుడే చూసుకోండి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు అప్రూవ్డ్ ప్లాన్ కాపీ అడగండి. మీరు చూసిన ఫ్లాట్ ఏ అంతస్తులో ఉంది? ఆ రోజుల్లో నాలుగు అంతస్తులకి ప్లాన్ తీసుకుని పైన ఒకటి లేపినవి ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. బీపీఎస్ అనే ప్రభుత్వ పథకంలో జరిమానా కట్టి క్రమబద్ధం చేయించుకుని ఉంటే ఆ ఉత్తర్వు కాపీ తెమ్మనండి. దస్తావేజులో మీ వాటాకి ఎన్ని గజాల అవిభక్త స్థలం రాశారో చూడండి. అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయించుకోండి: టైటిల్ లేదా ప్లాన్ లోపం వల్ల బ్యాంకు లోన్ మంజూరు చేయకపోతే అడ్వాన్స్ మొత్తం వెనక్కివ్వాలి అని. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.

కానూరు_అద్దెవాసి

ఐదో అంతస్తు సార్. ప్లాన్ కాపీ రేపే అడుగుతాను.