గేటు వద్ద ఆపేసిన ప్రయాణికుడికి ఏ నిబంధన వర్తిస్తుంది?

విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వెళ్లవలసిన మా బాబాయిని, నానమ్మ కోసం ముందుగానే కోరిన వీల్‌చైర్ ఎందుకు రాలేదని ఆయన బోర్డింగ్ గేటు వద్ద గట్టిగా అడిగినందుకు, 'ప్రవర్తన సరిగా లేదు' అంటూ విమానయాన సంస్థ సిబ్బంది విమానం ఎక్కనివ్వలేదు. ఆయన ఎవరినీ దూషించలేదు, తాకలేదు. (ఆయన గొంతు పుట్టుకతోనే పెద్దది, అయితే అది ఫిర్యాదులో రాయదగిన కారణం కాదు కదా.) కారణం కాగితంపై రాసి ఇమ్మంటే నిరాకరించారు. ఇప్పుడు పన్నుల సొమ్ము మాత్రమే తిరిగి ఇస్తామంటున్నారు.

డీజీసీఏ (దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) 2017లో జారీ చేసిన నిబంధనలు దుష్ప్రవర్తనను మూడు స్థాయిలుగా విభజించి, మాటలతో వేధించడం వంటి మొదటి స్థాయికి 3 నెలల వరకు నిషేధాన్ని అనుమతించాయని, విశ్రాంత జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతన ఉండే కమిటీ 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలని అన్నాయని చదివాను. మా విషయంలో నిషేధమూ లేదు, కమిటీ ఊసూ లేదు. సీట్లకు మించి టికెట్లు అమ్మినప్పుడు ఇచ్చే పరిహారం కూడా మాకు వర్తించేలా కనిపించడం లేదు.

నిషేధం విధించకుండా ఒక్క ప్రయాణాన్ని మాత్రం ఆపినప్పుడు, లిఖితపూర్వక కారణం, పూర్తి ఛార్జీ అడిగే హక్కు మాకుందా? ఎయిర్‌సేవలో (విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పోర్టల్) ఫిర్యాదు చేశాకే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలా, నేరుగా వెళ్లవచ్చా? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ విమానాశ్రయం నౌకాదళ స్థావరంలో ఉన్నందున, గేటు వద్ద సీసీటీవీ దృశ్యాలు చెరిగిపోకముందే భద్రపరచమని ఏ అధికారికి రాయాలి? ఇటువంటి వ్యవహారం నడిపినవారు దయచేసి తెలియజేయగలరు.